ఫాక్స్ ఎక్కిన ఏనుగు, హేస్టింగ్స్ ఎక్కిన ఒంటె

1783 డిసెంబరు 5న లండన్‌లో ఒక బొమ్మ అమ్మకానికి వచ్చింది. ఒకే ఒక్క కాగితం. అందులో ఒక వీధి, వీధికి అడ్డంగా ఒక ఏనుగు, దాని మీద తలపాగా చుట్టి పొడుగు అంగీ తొడిగిన ఒక లావుపాటి మనిషి. దట్టమైన నల్లటి కనుబొమలు, గీసుకోని గడ్డం. పైపైన చూస్తే ఎవరో నవాబుగారు ఊరేగుతున్నారనిపిస్తుంది. కాస్త దగ్గరికెళ్ళి చూస్తే ఏనుగుకి ఉన్నది మనిషి మొహం. ముందు నడుస్తూ బూరా ఊదుతున్నాయనా మన దేశపువాడు కాదు. వీధి లండన్‌లోని లెడెన్‌హాల్ వీధి, ఏనుగు ఆగిన గుమ్మం ఈస్టిండియా కంపెనీ ఆఫీసు గుమ్మం.

ఇలాంటి పాత వ్యంగ్యచిత్రాలు చూస్తే మనకి మొదట కలిగేది కోపమో నవ్వో. మన తలపాగా, మన ఏనుగు అక్కడేం చేస్తున్నాయి అనిపిస్తుంది. ఇవి భారతదేశం గురించి గీసినవి అనుకుంటే మాత్రం ఒక్క బొమ్మ కూడా అర్థం కాదు. నాకైతే చాలాకాలం అర్థం కాలేదు. వీటిని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి, అందులో ఉన్న మనుషులెవరో, ఆ వేషం ఎందుకు వేశారో, ఆ జంతువు ఎక్కణ్ణించి వచ్చిందో. అందుకే ఈ బొమ్మతోనే మొదలుపెడుతున్నాను.

ఏనుగెక్కినవాడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్, అప్పటి బ్రిటిష్ మంత్రి. ఏనుగు మొహం లార్డ్ నార్త్‌ది. అమెరికా యుద్ధం నడిపించిన ప్రధాని ఆయన, ఆ యుద్ధమంతా ఆయన్ని పార్లమెంటులో తిట్టిపోసింది ఈ ఫాక్సే, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇద్దరూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసేసరికి జనం విస్తుపోయారు. బూరా ఊదుతున్నది ఫాక్స్ పక్షపు పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్. ఫాక్స్ అప్పుడే ఒక బిల్లు తెచ్చాడు. కంపెనీ పాలనని డైరెక్టర్ల చేతుల్లోంచి తీసేసి, ఏడుగురు కమిషనర్లకి నాలుగేళ్ళపాటు అప్పగించాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ ఏడుగురి పేర్లు బిల్లులోనే రాశారు, అందరూ ఫాక్స్, నార్త్ వర్గాలవాళ్ళే. ఇండియాలో ఉద్యోగాలు, కాంట్రాక్టులు, వాటి వెనకున్న డబ్బు అంతా ఫాక్స్ గుప్పిట్లోకి పోతుందని ప్రతిపక్షం గోల పెట్టింది. ఆ గోలనే జేమ్స్ సేయర్స్ అనే చిత్రకారుడు బొమ్మలోకి దించి, ఫాక్స్‌కి 'కార్లో ఖాన్' అని పేరు పెట్టాడు. చార్లెస్‌ని కార్లో చేసి, పక్కన ఖాన్ తగిలించాడు. ఆ రోజుల్లో లండన్ పాఠకుడికి ఖాన్ అనగానే తట్టే పేరు నాదిర్ షా, 1739లో ఢిల్లీని దోచుకున్నవాడు. యూరప్‌లో ఆయన్ని కూలీ ఖాన్ అనేవాళ్ళు.

ఇప్పుడు ఫాక్స్ చేతిలో జెండా చూడండి. దాని మీద 'ప్రజల మనిషి' అని రాసి కొట్టేశారు. అది ఫాక్స్‌కి అభిమానులు పెట్టుకున్న బిరుదు. దాని బదులు గ్రీకు అక్షరాల్లో 'రాజాధిరాజు' అని ఉంది, పాత పర్షియా చక్రవర్తుల బిరుదు. అంటే ఒక్క జెండాలో మొత్తం ఆరోపణ ఉంది: ఓటర్ల పేరు చెప్పుకుని పైకొచ్చినవాడు ఇప్పుడు చట్టం, పార్లమెంటు లేని తూర్పు రాజులాగా ఏలాలనుకుంటున్నాడు. తలపాగా ఆ ఆరోపణకి యూనిఫాం. ఏనుగు కూడా అంతే. అది ఎంత పెద్దదైనా మీదున్నవాడు ఎటు తోలితే అటు పోతుంది, నార్త్ పరిస్థితి అదేనని గుచ్చి చెప్పడం. మనకైతే ఏనుగెక్కడం వేరే అర్థం. కవిగారికి గజారోహణం చేయించారంటే అంతకుమించిన గౌరవం లేదు, కొండపల్లి అంబారీ బొమ్మ ఇంట్లో ఉంటే ఆ షెల్ఫుకే కళ. అక్కడ అదే ఏనుగు నింద. ఇంకో సంగతి, ఆ బొమ్మలో ఇంటి మీద ఒక నల్లటి పక్షి కూర్చుని అరుస్తూ ఉంటుంది. మన ఇంటి మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం. వాళ్ళకది కీడు, ఫాక్స్ పతనం దగ్గరపడిందనడానికి సూచన. గుర్తులనేవి ఊరుని బట్టి తలకిందులైపోతాయి, ఈ బొమ్మల దగ్గర మనం తరచూ పొరబడేది ఇక్కడే.

సూచన నిజమైంది కూడా. కామన్స్ సభలో నెగ్గిన బిల్లు 1783 డిసెంబరు 17న లార్డ్స్ సభలో 76కి 95 ఓట్లతో ఓడిపోయింది. దాని వెనక మూడో జార్జి రాజు ఒత్తిడి ఉందన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ వెంటనే ప్రభుత్వం పడిపోయి, 'చిన్న పిట్' అని పిలిచే విలియం పిట్ ప్రధాని అయ్యాడు. సేయర్స్‌కి ఆ ప్రభుత్వం కింద మంచి ఉద్యోగం దక్కింది. పార్లమెంటు చర్చలకన్నా, పత్రికల రాతలకన్నా సేయర్స్ బొమ్మలే తనకి ఎక్కువ చేటు చేశాయని ఫాక్స్ అన్నట్టు చెబుతారు. అన్నా అనకపోయినా, ఆ కార్లో ఖాన్ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

వీటిని ఎలా తయారుచేసేవాళ్ళో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే గుర్తుల అవసరం అక్కణ్ణించే పుట్టింది. రాగి రేకు మీద పల్చగా మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. గీసిన చోట పూత పోయి రాగి బయటపడుతుంది. రేకుని ఆసిడ్‌లో ముంచితే ఆ గీతల వెంటే రాగిని తినేస్తుంది. తర్వాత సిరా పట్టించి, తుడిచి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. ఉలితో నేరుగా చెక్కే పద్ధతికన్నా ఇది చాలా త్వరగా అయిపోతుంది, సోమవారం సభలో గొడవ జరిగితే వారం తిరక్కుండా బొమ్మ బయటికొచ్చేది. అచ్చులో ఎడమ కుడి అవుతుంది కాబట్టి అక్షరాలన్నీ రేకు మీద తిరగేసి రాయాలి. ఫాక్స్ జెండా మీది గ్రీకు అక్షరాలతో సహా. మామూలుగా సాదా అచ్చు ఆరు పెన్నీలు, చేత్తో రంగులు వేసింది ఒక షిల్లింగు. కొనలేనివాళ్ళు దుకాణం అద్దం ముందు గుంపుగా నిలబడి చూసేవాళ్ళు. అలా నిలబడి చూసేవాడికి ఒక్క చూపులో విషయం అందాలి. పేరు రాస్తే పరువునష్టం కేసు భయం ఉండేది, కనుబొమలు గీస్తే ఎవరో అందరికీ తెలుస్తుంది, కోర్టులో నిరూపించడం మాత్రం కష్టం. అందుకని కనుబొమలు మనిషిని చెబుతాయి, వేషం అతని తప్పుని చెబుతుంది.

క్యారికేచర్ అన్న మాటే ఇటాలియన్‌లో 'బరువెక్కించడం' అనే అర్థమున్న మాటనించి వచ్చింది. ముక్కు కొంచెం పెద్దదైతే ఇంకా పెద్దది చేయడం. 1600 ప్రాంతంలో బొలోన్యాకి చెందిన అన్నీబలే కరాచ్చీ, ఆయన చుట్టూ ఉన్న చిత్రకారులు సరదాగా మొదలుపెట్టిన విద్య ఇది. కానీ లండన్ బొమ్మల్లో ఉన్నది ముక్కు పెంచడం ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. రెండో పాయ ఒకటుంది, అది గుర్తుల పుస్తకాలది. చేజరే రీపా అనే ఇటాలియన్ 1593లో ఒక గ్రంథం వేశాడు. న్యాయం అంటే ఎలాంటి స్త్రీని గీయాలి, లోభం అంటే చేతిలో ఏం పెట్టాలి అని అక్షర క్రమంలో చెప్పే నిఘంటువు లాంటిది. 1603లో బొమ్మలతో వచ్చిన కూర్పులో ఖండాలకి కూడా రూపాలున్నాయి. ఆసియా అంటే పూల కిరీటం పెట్టుకుని సుగంధ ద్రవ్యాలు పట్టుకున్న స్త్రీ, పక్కన ఒక ఒంటె. ఏనుగు తల ఆఫ్రికాకిచ్చాడు. యూరప్‌లోని చిత్రకారులు రెండు వందల ఏళ్ళపాటు ఈ పుస్తకంలోంచి తీసుకుంటూనే ఉన్నారు.

ఈ ఒంటెని గుర్తుపెట్టుకోండి. 1786 మే 11న జేమ్స్ గిల్రే అనే మరో లండన్ చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసి ఇంగ్లండ్ తిరిగొచ్చిన వారన్ హేస్టింగ్స్ మీద అప్పుడే పార్లమెంటులో ఆరోపణలు మొదలయ్యాయి. గిల్రే ఆయన్ని తూర్పుదేశపు వేషంలో, ఒంటె మీద కూర్చోబెట్టి, చేతికి గౌరవం అనే డాలు ఇచ్చాడు. బర్క్ తుపాకీ పేలుస్తున్నాడు, ఫాక్స్ కత్తి దూస్తున్నాడు, నార్త్ కూడా ఉన్నాడు. ముగ్గురూ దారిదోపిడీ దొంగల్లా ఉంటారు. హేస్టింగ్స్ దగ్గరున్న సంచుల మీద కంపెనీ ఆదాయానికి ఆయన చేర్చిన లక్షల రూపాయల గురించి రాసి ఉంటుంది. బొమ్మ పేరులో ఆయన 'ఇండియా రక్షకుడు'.

బెంగాల్లో గవర్నర్‌గారు ఒంటె మీద తిరగడమేంటి? గంగలో పడవలు, రోడ్డు మీద పల్లకీ, వేడుకకి ఏనుగు, అదీ అక్కడి పద్ధతి. బెంగాల్ బురదనేలకి ఒంటె ఏ మాత్రం పనికిరాదు. గిల్రే ఎప్పుడూ ఇండియా రాలేదు, ఆ అవసరం కూడా ఆయనకి లేదు. ఆ ఒంటె వెనక బెంగాల్ లేదు, రీపా నించి చేయి మారుతూ వచ్చిన ఆసియా ఉంది. అరేబియా, పర్షియా, టర్కీ, ఢిల్లీ, కలకత్తా అన్నీ ఒకే పెట్టెలో పడేసి 'తూర్పు' అని చీటీ అంటించారు, చిత్రకారుడు ఆ పెట్టెలో చెయ్యి పెట్టి అవసరమైనది తీసుకున్నాడు. పరదేశపు వింత అంటే నా లెక్కలో ఇదే. ఎక్కడిదో చెప్పక్కర్లేని వస్తువు, దూరం నించి వచ్చిందని తెలిస్తే చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫాక్స్‌ని దించడానికి వాడిన తూర్పు వేషాన్నే ఇక్కడ హేస్టింగ్స్‌ని నిలబెట్టడానికి వాడారు. వేషానికి సొంతంగా పక్షం లేదు. రెండేళ్ళకే ఇదే గిల్రే ఇదే హేస్టింగ్స్‌ని ఇంకోలా చూపించాడు. దాని సంగతి చివర్లో చెబుతాను.

మన ఊళ్ళు ఈ కథలోకి నేరుగా వచ్చే బొమ్మ ఒకటుంది, తెలుగులో దాని గురించి మాట్లాడుకోవాలని నాకు ఎప్పటినించో ఉంది. సర్ థామస్ రంబోల్డ్ 1778 నించి 1780 దాకా మద్రాసు గవర్నర్. అప్పటికి గుంటూరు తప్ప ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోనే ఉన్నాయి. జిల్లాల్లో తిరిగి, భూముల ఆదాయం లెక్కగట్టి, జమీందార్లతో శిస్తు తేల్చడానికి ఒక కమిటీ ఉండేది. రంబోల్డ్ దాన్ని రద్దుచేసి, జమీందార్లే మద్రాసు రావాలని హుకుం జారీ చేశాడు. విశాఖ, గంజాం వైపు నించి మద్రాసు దాకా ఆ రోజుల్లో ప్రయాణమంటే ఎన్ని రోజులో, వెంట ఎంత పరివారమో, ఎంత ఖర్చో ఊహించుకోండి. లెక్కలు కళ్ళెదుట చూడకుండా, గవర్నర్ ఇంటి గుమ్మంలో శిస్తు తేల్చడమంటే తెర వెనక డబ్బు చేతులు మారడమేనని ఆరోపణలొచ్చాయి. విజయనగరం రాజుల మధ్య తగాదాలో ఆయన చేసిన జోక్యం కూడా ఆ ఆరోపణల్లో ఉంది. 1781లో కంపెనీ డైరెక్టర్లు ఆయన్ని తీసేశారు. పార్లమెంటులో హెన్రీ డండాస్ ఆయన మీద శిక్ష వేసే బిల్లు తెచ్చాడు, అది సాగి సాగి చివరికి ఆగిపోయింది.

ఆ బిల్లు నడుస్తుండగా, 1783 జనవరిలో, గిల్రే వేసిన బొమ్మలో రంబోల్డ్ నోట్లోంచి బంగారు నాణేలు కక్కుతుంటాడు. పక్కన డండాస్. పేరులో రంబోల్డ్‌ని 'నాబాబ్' అన్నాడు. ఈ బొమ్మకి మనకి వివరణే అక్కర్లేదు. 'తిన్నదంతా కక్కించారు' అని మనం రోజూ అనే మాటే అది. నా మనసు మాత్రం ఆ నాణేల దగ్గరే ఆగిపోతుంది. అవి బొమ్మలో గుండ్రటి గీతలు. కానీ ఆరోపణ నిజమైతే ఆ డబ్బు జమీందారుది కూడా కాదు, ఆయన దాన్ని కింద రైతు దగ్గరే రాబట్టి ఉంటాడు. శ్రీకాకుళం వైపు ఎవరో పండించిన ధాన్యం అమ్మిన డబ్బు మద్రాసు మీదుగా లండన్ చేరి, ఒక రాగి రేకు మీద గీతైంది. ఆ రైతు బొమ్మలో లేడు. ఉండాలన్న ఆలోచన గీసినవాడికి రాదు కూడా, ఎందుకంటే చూసేవాడి దిగులు రైతు గురించి కాదు.

మరి దేని గురించి? నవాబు అన్న మన మాట పోర్చుగీసు నోట్లో పడి, ఇంగ్లీషులో 'నాబాబ్' అయ్యి, ఇండియాలో సంపాదించి తిరిగొచ్చిన ఇంగ్లీషువాడికి తిట్టుగా స్థిరపడింది. 1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు, కంపెనీ చేతికొచ్చాక ఇలాంటివాళ్ళు పెరిగారు. వచ్చి ఎస్టేట్లు కొన్నారు, పార్లమెంటు సీట్లు కొన్నారు. 1770 కరువులో బెంగాల్లో జనం చచ్చిపోతున్నారన్న కబుర్లు కూడా లండన్ పత్రికల్లో వచ్చాయి. పాత భూస్వాములకి భయం పట్టుకుంది: అక్కడ అడ్డూ అదుపూ లేకుండా ఏలినవాళ్ళు ఇక్కడికొచ్చి ఇక్కడా అలాగే ఏలితే? తలపాగా ఆ భయానికి బొమ్మ. ఇంగ్లీషువాడి తల మీద పెట్టినప్పుడే దానికి ఆ పదును. ఈ తరహా బొమ్మల్లో మన వేషం ఉంటుంది, మనం ఉండం అని నేననేది అందుకే.

చైనా మీద వేసిన బొమ్మ ఇంకా విచిత్రం. రంబోల్డ్ వెళ్ళాక మద్రాసుకి 1781 నించి 1785 దాకా గవర్నర్‌గా ఉన్న లార్డ్ మెకార్ట్నీనే తర్వాత చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారిగా పంపారు. ఓడలు 1792 సెప్టెంబరు 26న బయల్దేరాయి. గిల్రే బొమ్మ సెప్టెంబరు 14నే వచ్చేసింది! జరగని సంఘటనకి బొమ్మ. దిండ్ల మీద వాలి పొగ గొట్టం పీలుస్తున్న లావాటి చక్రవర్తి, ఎదురుగా ఒంటి మోకాలి మీద మెకార్ట్నీ, వెనక నేలకి తల ఆనించి వీపులు పైకెత్తిన పరివారం, వాళ్ళు తెచ్చిన కానుకలు చూస్తే అన్నీ ఆటవస్తువులే, గిలక్కాయతో సహా. చక్రవర్తిని చూసి నవ్వమంటున్నాడా, ఇలాంటి చెత్త పట్టుకెళ్ళి వ్యాపారం అడుక్కునే సొంత ప్రభుత్వాన్ని చూసి నవ్వమంటున్నాడా అంటే, నాకు రెండోదే ఎక్కువ కనిపిస్తుంది, చక్రవర్తి కళ్ళలో తెలివైన చిరాకు ఉంది మరి. అసలు భేటీ సరిగ్గా ఏడాదికి, 1793 సెప్టెంబరు 14న జరిగింది. మెకార్ట్నీ సాష్టాంగం ఒప్పుకోకుండా ఒంటి మోకాలి మీదే నిలిచాడు, మీ దేశపు సరుకులు మాకక్కర్లేదని చియన్‌లుంగ్ చక్రవర్తి జవాబు పంపాడు. చూడకుండా గీసినవాడికి ఇంత దగ్గరగా ఎలా కుదిరిందంటే, అతను చైనాని గీయలేదు, తనకి బాగా తెలిసిన లండన్ దర్బారుని గీశాడు. దానికి చైనా గుడ్డలు తొడిగాడు, అంతే.

టిప్పు సుల్తాన్ ఒక్కడికి కొంచెం వేరే భాగ్యం దక్కింది. 1791లో శ్రీరంగపట్నం ముందు నించి అప్పటి గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. వానలు, బండ్లు లాగే ఎద్దులు చచ్చిపోవడం, తిండి లేకపోవడం కారణాలు. గిల్రే ఆ ఏడాది చివర్లో వేసిన బొమ్మలో కోట మీంచి టిప్పు కింద పారిపోతున్న కార్న్‌వాలిస్ సేన మీద మూత్రం పోస్తుంటాడు, బొమ్మ పేరేమో 'రుతుపవనాల రాక'. వేషంలో ఇంగ్లీషువాడు కాకుండా, పేరున్న ఒక భారతీయుడు తన పని తాను చేస్తూ కనిపించే అరుదైన బొమ్మ ఇది. అక్కడ కూడా ఎగతాళి పడింది కార్న్‌వాలిస్ మీదే.

వేషంతో ఆగిపోయినంతవరకు ఒక రకం. మనిషినే గుర్తుగా వాడినప్పుడు విషయం వేరు. దక్షిణాఫ్రికా నించి తెచ్చిన ఖోయ్‌ఖోయ్ స్త్రీ సారా బార్ట్‌మన్‌ని 1810లో లండన్‌లో టికెట్టు పెట్టి ప్రదర్శించారు. ఆ సంవత్సరమే విలియం హీత్ వేసిన బొమ్మలో ఆమె పక్కన మాజీ ప్రధాని లార్డ్ గ్రెన్‌విల్‌ని నిలబెట్టి, ఇద్దరి పిరుదులూ కొలుస్తున్నట్టు చూపించారు. గ్రెన్‌విల్ వర్గానికి 'బ్రాడ్ బాటమ్' అనే పేరుండేది, బాటమ్ అంటే అడుగుభాగం, పిరుదులు కూడా, ఆ మాటమీద పన్ అది. ఒక రాజకీయ పన్ కోసం ఒక మనిషి శరీరం. ఫాక్స్ తలపాగా ఇంటికెళ్ళి తీసేయొచ్చు, ఆమెకి తీసేయడానికేముంది? 1815లో పారిస్‌లో చనిపోయింది, తర్వాత కూడా ఆమె అవశేషాలు అక్కడి మ్యూజియంలో ఉంచారు. 2002లో గానీ సొంత నేలకి చేరలేదు.

ఇప్పుడు ఆ రెండో హేస్టింగ్స్ బొమ్మ. 1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఆయన మీద విచారణ మొదలైంది, అది ఏడేళ్ళు సాగి 1795లో నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది. విచారణ మొదలైన రెండు వారాలకే, మార్చి 1న, గిల్రే బొమ్మ బయటికొచ్చింది. హేస్టింగ్స్ చేతుల్లో డబ్బు మూటలు, తను మాత్రం దేశంలో పెద్ద న్యాయాధికారి అయిన లార్డ్ ఛాన్సలర్ థర్లో భుజాల మీద ఎక్కి సముద్రం దాటుతున్నాడు. సముద్రం నీళ్ళది కాదు, నెత్తురుది. రక్షకుడు అన్న చెయ్యే రెండేళ్ళు తిరక్కుండా ఇది గీసింది. డబ్బిచ్చి గీయించుకున్నారా, మనసు మారిందా అన్న చర్చ మీద నాకు ఆసక్తి లేదు.

బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ బొమ్మని పెద్దది చేసి చూడొచ్చు. హేస్టింగ్స్ దగ్గర ఆగకుండా కిందికి జరపండి. చేత్తో రంగు వేసిన కాపీ అయితే ఎరుపు ఒకే లెక్కన ఉండదు, కుంచె వెళ్ళిన చోట చిక్కగా, మిగతా చోట పల్చగా ఉంటుంది. ఆ పల్చటి చోట్ల తలలు కనిపిస్తాయి, తేలుతున్న చేతులు, మొండేలు. ఒంటె లేదు, ఏనుగు లేదు, తూర్పు పెట్టెలోంచి తీసిన వింత ఏదీ వాళ్ళ మీద లేదు. భారతీయులు వాళ్ళే, ఎవరికీ పేరు లేదు.